సున్నా అంటే ఏ సున్నా? అమ్మోనియా రంగుల కార్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమ్మోనియా టెస్ట్ కిట్ రంగుల కార్డు గారి సముఖానికి,

కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ఒక దాసుడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే రాళ్లు, ఇసుక, పంపు, హీటరు, నేను. చేపలు ఇంకా లేవు. అవి ఎప్పుడు రావాలో తేల్చే అధికారం తమరిది కాబట్టే ఈ ఉత్తరం.

ముందుగా తమరి హోదా గురించి నాలుగు ముక్కలు. ట్యాంకు ఉంది, లైటు ఉంది, నీళ్లలోని మురికిని నురుగుగా లాగేసే స్కిమ్మరు ఉంది, వాటన్నిటి ముందు తమరు ఒక అట్టముక్క. అయినా ఇంట్లో పెత్తనం తమరిదే. తమరు పసుపు అంటే చేపలకు విషమైన అమ్మోనియా సున్నా అని, పండగ. ఆకుపచ్చ అంటే అది నీళ్లలో ఉందని, ఆ పూట ఎవరికీ అన్నం సహించదు. ట్యూబులో 5 మిల్లీలీటర్ల నీళ్లు పట్టి, రెండు సీసాల్లోంచి చుక్కలు లెక్కపెట్టి వేసి, మూత బిగించి ఊపి, ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడితే తప్ప తమరు నోరు విప్పరు. విప్పాక ఒక్క మాట మీద నిలబడతారా అంటే అదీ లేదు. కిటికీ దగ్గర పట్టుకుంటే 0. గదిలో లైటు కింద 0.25. ట్యాంకు మీదున్న నీలం లైటు కింద పట్టుకుంటే ఇక అంకెలతో పని లేదు, అన్ని గడులూ ఒకే రంగు. ట్యూబును తమరికి ఆనించి చూస్తే ఒక మాట, అంగుళం ఎడంగా పెడితే ఇంకో మాట, పైనుంచి తొంగి చూస్తే మూడో మాట. పోనీ సాక్ష్యానికి ఇంట్లోవాళ్లను పిలుద్దామా అంటే, "ఏదో ఒక రంగు వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అని వెళ్లిపోతారు.

0 గడికీ 0.25 గడికీ మధ్య తేడా కనిపెట్టే కన్ను దేవుడు మనుషులకు ఇచ్చినట్టు లేదు. ఏళ్ల తరబడి నడుస్తున్న ట్యాంకులో చేపలు హాయిగా తిని తిరుగుతుంటే కూడా, తమరు కాస్త పచ్చగా కనబడ్డారని రాత్రికి రాత్రి సగం నీళ్లు మార్చేసేవాళ్లున్నారు. వాళ్ల ఉసురు తమరికి తగలదా?

సరే, అంకె స్పష్టంగానే కనబడిందనుకుందాం. అది దేని అంకె? నీళ్లలో అమ్మోనియా రెండు వేషాల్లో తిరుగుతుంది. ఒకటి అమ్మోనియం అయాన్. దానివల్ల చేపకు పెద్ద ముప్పు లేదు. రెండోది ఏ విద్యుదావేశమూ లేని అసలు అమ్మోనియా. మొప్పల్లోంచి నేరుగా ఒంట్లోకి దూరేది ఇదే. ఎవరి వాటా ఎంతో ముఖ్యంగా పీహెచ్ తేలుస్తుంది, వేడి కొంత తోడవుతుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న మంచినీటి ట్యాంకులో విషపు వాటా మొత్తంలో సుమారు అర శాతం. ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8.2 దగ్గర అది 7 శాతానికి అటూ ఇటూ. అంటే ఒకే ఆకుపచ్చ ఆ ట్యాంకులో చూపించిన దానికి, ఈ ట్యాంకులో పదింతలు దాటిన విషం. తమరి సీసాల్లోని మందు మాత్రం ట్యూబులో నీళ్లను ముందుగా బాగా క్షారంగా మార్చి, ఉన్న అమ్మోనియం అంతటినీ అమ్మోనియాగా తిప్పేసి, మొత్తం కలిపి ఒకే లెక్క రాసేస్తుంది. దొంగనీ దొరనీ ఒకే గాటన కట్టేసి తీర్పు చెప్పడం తమరికే చెల్లింది.

ఇవన్నీ సర్దుకుపోయే విషయాలే. నా అసలు ఫిర్యాదు తమరి సున్నా మీద.

ఉప్పు కలిపి, శాలినిటీ (ఉప్పదనం) వెయ్యికి 35 పాళ్ల దగ్గర నిలిపి, ఎండు రాళ్లు పేర్చి, పంపు ఆన్ చేసిన మొదటి రోజు ఎవరైనా తమరిని అడిగితే పసుపు చూపిస్తారు. కొన్ని వారాలు గడిచి, రాళ్ల మీద సూక్ష్మజీవులు బలగం పెంచుకుని, వచ్చిన అమ్మోనియాను వచ్చినట్టే మింగేస్తున్న రోజున అడిగినా అదే పసుపు చూపిస్తారు. పొయ్యి వెలిగించకముందు గిన్నె ఖాళీ, అందరూ తిని చెయ్యి కడుక్కున్నాకా గిన్నె ఖాళీ. తమరు రెండు గిన్నెల్లోకీ తొంగి చూసి ఒకే ముక్క అంటారు: ఖాళీ. అందులో అబద్ధం లేదు, ఒప్పుకుంటాను. కోర్టులో నిలబెట్టినా తమరి మీద ఏ కేసూ నిలవదు. కానీ ఆ మొదటి సున్నా చూసి, "నీళ్లు అద్దంలా ఉన్నాయి, అమ్మోనియా లేనే లేదు" అని మర్నాడే జత క్లౌన్ ఫిష్ తెచ్చి వదిలేవాళ్ల సంగతి? చేప ఊపిరి తీసుకునే మొప్పల్లోంచే అమ్మోనియా బయటికి వదులుతుంది. వదిలింది వదిలినట్టు నీళ్లలోనే ఉంటుంది, దాన్ని తినే నాథుడు ఇంకా పుట్టలేదు. తమరు అప్పుడు ఆకుపచ్చకు తిరుగుతారు. ఎవరిని ఉద్ధరించడానికి?

ఆ తినేవాళ్లు పెరగాలంటే ముందు మేతగా అమ్మోనియా నీళ్లలో ఉండాలి. అలా మేపి పెంచే పనికే సైకిల్ అని పేరు. అందుకని తమరికి ఆ పచ్చదనం ఇప్పించడానికి మనుషులు పడ్డ పాట్లు కూడా తక్కువేమీ కాదు. ఒకప్పుడు డామ్సెల్ చేపల్ని దింపేవారు. గట్టి ప్రాణం, ఏ నీళ్లలోనైనా బతికేస్తుందని ధీమా. మొప్పలు మండుతుంటే నీటి పైభాగానికి చేరి గబగబా ఊపిరి తీసుకునే ఆ చిన్న ప్రాణిని చూస్తూ, "సైకిల్ బాగా నడుస్తోంది" అని సంతోషించేవారు. పోయినవి పోగా, మిగిలినది ట్యాంకంతా తన జాగీరే అని తీర్మానించుకుని, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి తరిమి కొరికేది. దాన్ని బయటికి తియ్యాలంటే పేర్చిన రాళ్లన్నీ పీకాలి. దాని పక్షాన ఆలోచిస్తే ఆ కోపంలో అన్యాయం ఏమీ కనిపించదు. ఆ పద్ధతి ఇంకా చెప్పేవాళ్లున్నారు, వాళ్లను ముందు ఆ నీళ్లలో కూర్చోబెట్టాలి.

కొందరు పచ్చి రొయ్యను పడేస్తారు. అది కుళ్లి ఎంత అమ్మోనియా ఇస్తుందో రొయ్యకే తెలియదు, ఎంత వాసన ఇస్తుందో మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. శుభ్రమైన దారి అమ్మోనియం క్లోరైడ్. కొలిచి పొయ్యొచ్చు. 2 పీపీఎం (లీటరు నీళ్లకు 2 మిల్లీగ్రాములు) చాలు. ప్రేమ కొద్దీ అంతకు రెండింతలు మూడింతలు పోస్తే, తినాల్సినవాటికే ఊపిరాడదు.

ఆ తినేవాళ్ల గురించి తమరికి ఏ మాత్రం తెలుసో నాకు అనుమానమే. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ మొదటిసారి వీటిని విడదీసి చూపించాడు. ఒక జట్టు అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో జట్టు ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. పుస్తకాలన్నీ రెండో పనిని నైట్రోబ్యాక్టర్ ఖాతాలో రాసేశాయి. 1998లో మంచినీటి అక్వేరియంలలోనే వెతికి చూస్తే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. ఇక 2005లో సియాటిల్ అక్వేరియంలోని ఒక ఉష్ణమండలపు ఉప్పునీటి ట్యాంకు నుంచి, అమ్మోనియాను తిని బతికే జీవి ఇంకోటి దొరికింది. అది బ్యాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే వంశం. నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. ఎవరింటి ట్యాంకులో ఎవరు వంట చేస్తున్నారో పండితులే ఇన్నేళ్లు తేల్చుకుంటూ ఉంటే, తమరు పసుపు ఆకుపచ్చ అనే రెండు ముక్కలతో కాపురం చేసేశారు.

వీళ్ల నడక కూడా తమరి ఐదు నిమిషాల లెక్కలో ఇమడదు. మామూలు బ్యాక్టీరియాలో కొన్ని తిండి దొరికితే 20 నిమిషాల్లో రెండింతలవుతాయి. అమ్మోనియాను ఆక్సిజన్‌తో కలిపితే వచ్చే శక్తి చాలా తక్కువ, ఆ కొద్దిపాటి శక్తితోనే ఒంటికి కావలసిన కర్బనాన్ని కార్బన్ డయాక్సైడ్ నుంచి తయారుచేసుకోవాలి. అందుకే ఇవి రెండింతలవడానికి గంటలు కాదు, పూట, రోజు పడుతుంది. ఎండు రాళ్లతో మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు అనేది అందుకే. అదీ రాళ్లకూ ఇసుకకూ ఫిల్టరుకూ అంటుకుని, సన్నటి జిగురు పొరలో. నీళ్లలో తేలుతూ తిరిగేవి బహు కొద్ది. ఎవరి పాత ట్యాంకు నుంచో బకెట్టుడు నీళ్లు అడిగి తెచ్చుకుని మురిసిపోయేవాళ్లు అడగాల్సింది ఒక రాయి, పిడికెడు ఇసుక. తెచ్చిన రాయిని దుమ్ము పోవాలని క్లోరిన్ ఉన్న కుళాయి కింద తోమితే ఇక ఆ రాయి అలంకారానికే.

సీసాలో బ్యాక్టీరియా అమ్మేవాళ్ల గురించి ఒక్క మాట. లోపలున్నది నిజంగా ప్రాణంతో ఉంటే, ఎండలో ఉడకకుండా వచ్చి ఉంటే పనిచేస్తుంది, వారాలు కలిసొస్తాయి. కాకపోతే సీసా పోసిన మాట నిజం కాబట్టి చేప వదిలెయ్యొచ్చన్న ధైర్యం కూడా ఆ సీసాతోనే ఉచితంగా వస్తుంది. ఆ ధైర్యానికి ఎక్స్‌పైరీ డేటు ఎవరూ వెయ్యరు.

తమరి తమ్ముడు నైట్రైట్ కార్డు గారి మీద కూడా ఫిర్యాదులున్నాయి, తమరే కాస్త మందలించాలి. తమరు పసుపుకు దిగగానే ఆయన ఊదా రంగుకు ఎక్కి కూర్చుంటాడు, దిగడు. జనం గుండెలు బాదుకుంటారు: "నేను పోసింది 2 పీపీఎం అమ్మోనియా, ఇక్కడ నైట్రైట్ 5 దాటింది, ఎక్కడి నుంచి వచ్చింది?" ఎక్కడి నుంచీ రాలేదు. ఆక్సిజన్ బరువు తోడైంది. 1 పీపీఎం అమ్మోనియా నైట్రైట్ అయితే సుమారు 2.7, నైట్రేట్ అయితే సుమారు 3.6. తూకమే పెరిగింది, సరుకు పెరగలేదు. పైగా ఆ ఊదా రంగు చూసి వణకడం మంచినీటి ట్యాంకులవాళ్ల దగ్గర నేర్చుకున్న టెన్షన్. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. మొప్పల దగ్గర నైట్రైట్ దూరే దారిలో ఆ క్లోరైడే అడ్డంగా నిలబడి ఉంటుంది. అందుకని ఉప్పునీటి చేపకు నైట్రైట్ అంత తేలిగ్గా ఎక్కదు. సైకిల్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఆయన పనికొస్తాడు, బెదిరించడానికి మాత్రం ఆయనకు అంత సీను లేదు.

ఈ మధ్యలో రాళ్ల మీద డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు గోధుమరంగు పొరలా కమ్ముకుంటుంది, నీళ్లు ఒకసారి పాలలా తెల్లబడతాయి. రెండూ వాటంతట అవే పోతాయి. అన్నాళ్లూ లైటు వెయ్యకుండా ఉండగలిగితే ఆ పొర వెనకాలే ఆకుపచ్చ నాచు అంత తొందరగా రాదు. కానీ చేపలు లేని ట్యాంకుకు లైటు కూడా వెయ్యొద్దంటే చుట్టాలకు ఏం చూపిస్తాం?

ఇక విన్నపం. తమరి సున్నా పక్కన ఖాళీ జాగా బోలెడుంది. అక్కడ చిన్న అక్షరాలతో ఒక వాక్యం అచ్చు వేయించుకోండి: "ముందు 2 పీపీఎం అమ్మోనియా పోసి, నాతో పచ్చ అనిపించు, 24 గంటలు ఆగి మళ్లీ అడుగు." ఆ మర్నాటి సున్నాకే విలువ. పెట్టింది తిన్నారని దానికి అర్థం. తమ్ముడు గారు కూడా దిగొచ్చాక, పేరుకున్న నైట్రేట్ కోసం ఒకసారి ఎక్కువ నీళ్లు మార్చి, ఒకటో రెండో చేపలు. ఒకేసారి పది దింపితే రాళ్ల మీదున్నవాళ్లు ఇద్దరికి వండే అలవాటులో ఉంటారు, తమరు మళ్లీ పచ్చబడతారు. అలాగే ఎండనివ్వకుండా తడిగా తెచ్చిన మంచి లైవ్ రాక్‌తో (సూక్ష్మజీవులు అప్పటికే కాపురమున్న రాయితో) మొదలుపెట్టినవాళ్లకు అమ్మోనియా అసలు పైకే లేవకపోవచ్చు. వాళ్లు "నా సైకిల్ మొదలే కాలేదు" అని బెంగపెట్టుకుని తమరిని రోజూ విసిగిస్తారు. వాళ్లకు కూడా ఇదే పరీక్ష పెట్టండి, ఇద్దరికీ మనశ్శాంతి.

ఈ ఒక్క వాక్యం అచ్చయితే తమరి డిమాండ్ తగ్గుతుందని నాకు తెలుసు. రోజుకు మూడుసార్లు అడిగేవాళ్లు వారానికి రెండుసార్లతో సరిపెట్టుకుంటారు, సీసాలు త్వరగా ఖాళీ కావు. కాబట్టి తమరు ఒప్పుకోరనే అనుకుంటున్నాను.

ఇట్లు,
ట్యూబు పట్టుకుని కిటికీకీ గోడకీ మధ్య తిరుగుతున్న విధేయుడు

తా.క.: నైట్రేట్ కార్డు గారికి వేరే ఉత్తరం రాసే ఓపిక లేదు, తమరే చెప్పండి. ఆయన కిట్టు నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌నే కొలుస్తుంది. కాబట్టి తమ్ముడు గారు ఊదా రంగులో ఉన్నన్నాళ్లూ ఆయన చెప్పేదంతా కలిసిన లెక్కే. ఆ సీసా అడుగున మందు గడ్డకట్టి కూర్చుంటుంది కూడా. దాన్ని చెయ్యి నొప్పెట్టేలా ఊపకపోతే నైట్రేట్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఊపమని లోపలి కాగితంలో రాశారట. ఆ కాగితం కిట్టు విప్పిన రోజే చెత్తబుట్టలోకి వెళ్లిందని ఆయనకు తెలియజేయగలరు.