మహారాజశ్రీ యూరియా బస్తా గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. కుశలమంతా తమరిది, ఆ ‘ఉపరి’ మాత్రం మాది.

పశువుల్ని మేపే బీడైనా, కోసి పాతరేసి పులియబెట్టే గడ్డిమడైనా, కాస్త పాలిపోయిందంటే చాలు, కబురు తమరికే వెళ్తుంది. తలనొప్పికీ కాళ్ళనొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడికి కూడా ఇంత గిరాకీ ఉండదు. తమలో నూటికి 46 పాళ్ళు నత్రజని ఉంది, కాదనం. భాస్వరం? లేదు. పొటాష్? లేదు. గంధకం? అదీ లేదు. అయినా పెళ్ళిపీట మీద తమరే, పల్లకీలోనూ తమరే.

తమరి పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి గుర్తుచేస్తాం, ఏమీ అనుకోకండి. 1828లో వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేసేదాకా తమరి పుట్టిల్లు మూత్రమే. ఆ పుట్టింటివాళ్ళు మేత బీడులో నాలుగు కాళ్ళ మీద ఇప్పటికీ తిరుగుతున్నారు. ఆవు ఒకచోట మూత్రం పోసిందంటే ఆ మచ్చలో పడే నత్రజని హెక్టారు లెక్కన 500 నుంచి 1,000 కిలోల దాకా ఉంటుంది. దాని మీద తమరు మళ్ళీ వాలితే గడ్డి తాగేదేమీ ఉండదు. మిగులంతా నైట్రేటై భూగర్భజలంలోకి దిగుతుంది.

మేపే బీడు లెక్క చాలా చిన్నది. వెయ్యి లీటర్ల పాలతో గేటు దాటేది కిలో భాస్వరం, కిలోన్నర పొటాషియం, అంతే. మిగిలినదాంట్లో చాలా భాగం పేడగా, మూత్రంగా అక్కడికక్కడే పడుతుంది. కాకపోతే సమంగా పడదు. నీళ్ళతొట్టి చుట్టూ, చెట్టు నీడన, గేటు ముందు గుట్టలు. చివరి మూలకు గుప్పెడు కూడా దక్కదు. భూసార పరీక్షకు మట్టి తీసేవాళ్ళు ఆ మూడు చోట్లూ వదిలేసి, వంకర టింకరగా నడుస్తూ 20 చోట్ల, 10 సెంటీమీటర్ల లోతున తీసి కలపాలి. ఎరువేసి మూడు నెలలు కాకుండానే తీస్తే ఆ చీటీలో నేల కనపడదు, బస్తా కనపడుతుంది.

కోసే మడి సంగతి వేరు. పచ్చి బరువు కాదు, నీరంతా తీసేసిన లెక్కన హెక్టారుకు 5 టన్నుల కోత వస్తే, దాంతో 100 నుంచి 125 కిలోల పొటాషియం బండెక్కి వెళ్ళిపోతుంది. బస్తాల మీద అచ్చు వేసేది కె2ఓ, అంటే పొటాషియం ఆక్సైడ్ లెక్క కాబట్టి 1.2తో గుణిస్తే 120 నుంచి 150. నూటికి 60 పాళ్ళు కె2ఓ ఉండే పొటాష్ ఎరువు మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో చూస్తే 200 నుంచి 250 కిలోలు. ఏడాదికి కాదు దొరా, ఒక్క కోతకు! ఈ మడిలోకి తమరు ఒంటరిగా విచ్చేస్తే మొదట అంతా పచ్చగానే ఉంటుంది. తమరు తోసిన కొద్దీ గడ్డి ఏపుగా పెరిగి నేలలోని పొటాష్‌ని ఇంకా తొందరగా ఊడ్చేస్తుంది. తర్వాత ముదురాకుల అంచులు మాడతాయి, దుబ్బులు పలచబడతాయి, సందుల్లో కలుపు లేస్తుంది. అప్పుడైనా బుద్ధి తెచ్చుకుంటారా? మళ్ళీ తమరికే కబురు.

ఇంతకీ బండెక్కిన పొటాష్ ఎటు వెళ్ళింది? పాతరలోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి రొచ్చుగుంటలోకి. ఆవు తిన్న పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలోనే దిగుతుంది. పేడ మాత్రం ఎత్తుకుని రొచ్చుని కాలవలోకి వదిలేవాళ్ళు కాలవకు పొటాష్ వేసినట్టే. రొచ్చు మీద తొలి హక్కు కోసే మడిది. తీసుకెళ్ళేది అదే కాబట్టి, తిరిగి రావలసిందీ దానికే. ఇచ్చిన రొచ్చు లెక్క తీసేశాక, తక్కువపడ్డ మేరకే కొనాలి.

మేపే బీడులో, అందునా లేత చిగురు లేచే రోజుల్లో, పొటాష్ పోశారో కొంప మునిగినట్టే. గడ్డి దాన్ని అవసరానికి మించి పీల్చి మెగ్నీషియాన్ని పక్కకు నెడుతుంది. ఆవు పొట్టలోకి వెళ్ళాక కూడా ఆ పొటాషియం మెగ్నీషియాన్ని ఒంటికి పట్టనివ్వదు. పాలిచ్చే ఆవు కండరాలు వణికి, తూలి పడి, గంటల్లో ప్రాణం వదులుతుంది. నత్రజని దండిగా తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. కనుక ఆ వేళ తమరూ, పొటాష్ గారూ జంటగా షికారుకి రాకండి. పొటాష్ అవసరమని చీటీ చెబితే సీజను చివర్లో వేసుకుంటారు.

ఇక తమరి ఆవిరి విద్య. తెల్లారుజామున గుళిక మీద మంచు పడుతుంది, గుళిక సగం కరుగుతుంది. గడ్డి మొదళ్ళ దగ్గర కుళ్ళే చెత్తలో తమర్ని అమ్మోనియాగా విడగొట్టే యూరియేజ్ ఎంజైము కాచుక్కూచుని ఉంటుంది. గుళిక చుట్టూ పీహెచ్ (క్షారగుణం చెప్పే అంకె) 8 దాటుతుంది. ఎండెక్కుతుంది, గాలి వీస్తుంది, అమ్మోనియా లేచి చక్కాపోతుంది. ఒకటి రెండు రోజుల్లో 10 మిల్లీమీటర్ల వాన పడితే తమరు నేలలోకి దిగుతారు, లేకుంటే అయిదింట ఒక వంతు గాలిపాలు కావచ్చు. కొత్తగా సున్నం చల్లిన నేల అయితే మరీ త్వరగా. వాన నమ్మకం లేనప్పుడు ఎన్‌బీపీటీ (యూరియేజ్ ఎంజైముకు కళ్ళెం వేసే మందు) పూత వేసుకుని రండి, లేదా నూటికి 27 పాళ్ళు నత్రజని ఉన్న కాల్షియం అమ్మోనియం నైట్రేటు గారికి చోటివ్వండి. ఆయనా లోపం లేనివాడేం కాదు. నీళ్ళు నిలిచిన నేలలో ఆయన నైట్రేటు కూడా వాయువై పోతుంది. ఇద్దరూ ఒకే డబ్బాలో కలిస్తే మాత్రం తడిసి జావే.

రైగడ్డి లాంటి మేతగడ్డి చురుగ్గా పెరిగేటప్పుడు రోజుకి హెక్టారుకు రెండున్నర కిలోల నత్రజని వాడుకుంటుంది. 217 కిలోల తమర్ని, అంటే 100 కిలోల నత్రజనిని వేస్తే, కోతకు 40 రోజుల గడువు కావాలి. 25వ రోజునే కొడవలి పడితే నైట్రేటు కాండంలోనే ఉండిపోతుంది, చక్కెర తగ్గుతుంది, పాతర పులవాల్సినట్టు పులవక ముక్కు మూసుకునేలా కుళ్ళుతుంది.

గంధకం గురించి ఒక్క మాట: లేతాకులు ముందు పసుపెక్కితే కొరత గంధకానిది, ముదురాకులు ముందైతే తమరి కొరత. ఇసుక నేలల్లో ఈ తేడా చూడకుండా తమర్నే ఇంకో విడత చల్లేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మేపే బీడుకీ కోసే మడికీ మధ్య గట్టు మీద నిలబడినవారు

తా.క.: బస్తా మూతి బిగించి కట్టించుకోండి. ఒలికిన తమర్ని ఉప్పనుకుని నాకిన ఆవుకు అరగంటలోనే పొట్ట ఉబ్బి, నురగ కారి, వణుకు మొదలవుతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించాలి. ఖాళీ అయ్యాక కూడా తమరి సంచిలో దాణా పోయనివ్వకండి.