ఏటేటా గ్యాస్ మొక్కు

మద్రాసులో కారున్న తెలుగువాళ్లకు ఉగాది తర్వాత వచ్చే పెద్ద పండుగ ఏసీలో గ్యాస్ కొట్టించడం. పంచాంగంలో రాయరు గానీ, మే 4 ప్రాంతంలో కత్తిరి ఎండలు మొదలయ్యేలోగా అయిపోవాలి. మా ఇంట్లో మూడేళ్లుగా ఈ వ్రతం ఏ లోపమూ లేకుండా జరిగింది. మెకానిక్ ఏసీ పైపు పట్టుకుని నాడి చూసి, "గ్యాస్ ఇల్ల సార్" అంటాడు. ఎందుకు లేదని అడగడం మర్యాద కాదు. దక్షిణ ఇచ్చి చల్లగా ఇంటికొస్తాం. దీపావళికల్లా మళ్లీ వేడిగాలే. అప్పటికి వానలు పడుతుంటాయి గనక దేవుడు మన పక్షాన ఉన్నట్టే.

ఈ ఆచారాన్ని చెడగొట్టినవాడు మా బావమరిది. చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. "బావా, అది పెట్రోలా, వాడితే అయిపోవడానికి? మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా! ఆ ఆర్-134ఎ గ్యాస్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందట. అంటే అర కిలో వదిలితే 700 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. కారు చల్లబరుచుకోవడానికి ఊరంతా కాచానన్నమాట. ఒక్క మధ్యతరగతి మనిషి ఇంత పని చేయగలడని నాకే తెలీదు.

వాడే వేరే షెడ్డుకు లాక్కెళ్లాడు. బంపరు విప్పారు. రేడియేటర్‌కు ముందు ద్వారపాలకుడిలా నిలబడి ఉంది కండెన్సర్. కంప్రెసర్ పంపే వేడి గ్యాసును గాలికి చల్లార్చి ద్రవం చేసే పని దానిది. రోడ్డు మీద రాయి లేచినా మొదటి దెబ్బ దానికే. మేముండేది బెసెంట్ నగర్, సముద్రానికి రెండు వీధులు. ఉప్పుగాలికి అల్యూమినియం రేకులు తెల్లగా పొడిబారి, ముట్టుకుంటే రాలుతున్నాయి. కింది మూల నూనె జిడ్డు, దాని మీద మట్టి. కుర్రాడు సబ్బు నురగ పూశాడు. ఆవగింజంత బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. నా మూడేళ్ల దక్షిణ అలా కళ్లెదుటే పైకి పోతోంది.

పాత బండి సామాన్లమ్మే పుదుపేటలో పాత కండెన్సర్ చవగ్గా దొరుకుతుందని సూచించాను. మరొకరి కారులో కారిన అనుభవం దానికి ఉంటుంది కదా! ఎవరూ నవ్వలేదు.

కొత్తది బిగించారు. తేమ పీల్చే డ్రయ్యరు, అతుకుల దగ్గరుండే రబ్బరు ఓ-రింగులు కూడా మార్చాలన్నారు. లోపల తేమ పోవాలని అరగంటకు పైగా వాక్యూమ్ పెట్టారు. ఆ తర్వాత, చూడండి, గ్యాసును కాటాలో తూచారు! బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుందో అంతే ఎక్కించారు. ఇన్నేళ్లూ మా మెకానిక్ పైపు పట్టుకుని చెప్పిన కొలతకు జరిగిన అవమానం ఇది. బంగారమైనా ఇంత జాగ్రత్తగా తూచరు.

ఏడాది దాటింది. ఏసీ చల్లగానే ఉంది, అదే బాధ. మొన్న పాత మెకానిక్ ఫోన్ చేశాడు.

"కత్తిరి వచ్చేసిందే సార్, బండి రాలేదేం?"

ఏం చెప్పను? ఇంట్లో మైల అని చెప్పి పెట్టేశాను.