నా కారు ముక్కులో బోల్టు

పటమటలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ సాయంత్రం నా కారు కింద ఒక అట్టముక్క పరిచేవాడు. పార్కింగ్ టైల్స్ మీద ఆయిల్ మరకలు పడుతున్నాయని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా ఫ్లాట్ నంబరుతో సహా ఫొటోలు పెట్టారు మరి. ఊళ్లో తిరిగిన రోజుల్లో ఆ అట్ట పొడిగానే ఉండేది. గుంటూరు వెళ్లొచ్చిన రోజు మాత్రం తెల్లారేసరికి అరచేయంత నల్ల మరక. ఈ తేడా ఏమిటని ఒక్క మెకానిక్కూ అడగలేదు. నాకూ తట్టలేదు, అది వేరే సంగతి.

మొదటాయన ఇంజన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్, ప్యాకింగ్ మార్చాడు. రెండో ఆయన గేర్‌బాక్స్ దించి క్రాంక్ ఆయిల్ సీల్ మార్చాడు. ఆ బిల్లు గురించి ఇంట్లో ఇప్పటికీ అబద్ధమే చెబుతున్నాను. మూడో ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇంజన్ బోరుకొచ్చింది సార్" అని, అంటే సిలిండర్లు అరిగిపోయాయని, తేల్చేశాడు. పన్నెండేళ్ల పెట్రోలు బండి, నిజమే. కానీ పొగ లేదు, పికప్ తగ్గలేదు. ముగ్గురూ చేసిన పరీక్ష ఒక్కటే: షెడ్డులో పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి, టార్చి వేసి చూసి, "ఎక్కడా చుక్క లేదు సార్" అనడం.

మే నెలలో ఒక మధ్యాహ్నం కాజ టోల్‌గేటు దాటాక ఆయిల్ మాడిన వాసన వచ్చింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ నాలుగు వేళ్ల ఎత్తు పైకి లేచి ఉంది. చుట్టూ ఆయిల్ చిమ్మింది.

ఆటోనగర్‌లో ఒకప్పుడు లారీ ఇంజన్లు కట్టిన పెద్దాయన ఒకరున్నారని స్నేహితుడు తీసుకెళ్లాడు. ఆయన టార్చి అడగలేదు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం నుంచి ట్యాపెట్ కవర్‌కి వెళ్లే బొటనవేలంత రబ్బరు పైపును రెండు వేళ్లతో నొక్కుకుంటూ వచ్చి మధ్యలో ఆగారు. క్లిప్ లాగి, పైపు ఊడదీసి అరచేతిలో తట్టారు. ఆయిల్ పూసుకున్న బోల్టు ఒకటి జారిపడింది.

"ఎవరు పెట్టారండీ దీన్ని?"

అప్పుడు గుర్తొచ్చింది. ఏడాది కిందట సర్వీసులో ఒక కుర్రాడు ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో ఆయిల్ తడి చూపించి, "ఈ పైపులోంచే వస్తోంది సార్, క్లోజ్ చేసేశా" అన్నాడు. మంచి పని చేశావని వంద రూపాయలు ఎక్కువిచ్చాను కూడా.

ఆ రబ్బరు గొట్టం పేరు బ్రీదర్ పైపు, ఇంజన్ ఊపిరి గొట్టమన్నమాట. పైకీ కిందికీ ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఎంత కొత్తవైనా సిలిండర్‌ను పూర్తిగా మూయలేవు. రింగు కొసల మధ్య సన్నని సందు ఉండి తీరాలి, లేకపోతే వేడికి సాగి పట్టేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకు 100 సార్లు పెట్రోలు అంటుకుంటుంది. అంటుకున్న ప్రతిసారీ కాస్త గ్యాసు రింగులు దాటి కింద ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి దిగుతుంది. అందులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఉంటాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయంటే నేను మొదట నమ్మలేదు. ఇదంతా బయటికి లాగకపోతే ఆయిల్ పాడవుతుంది. ఆయిల్ మూత వెనక మీగడలా పేరుకునేది ఆ నీళ్లూ ఆయిలూ కలిసిన ముద్దే. మన బెజవాడ ఎండల్లో తక్కువే గానీ, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి చలికాలంలో కనిపిస్తుంది.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజన్ తన పీల్పుతోనే ఇందుకోసమే ఉన్న పీసీవీ అనే వాల్వు ద్వారా ఈ గ్యాసును లాక్కుని కాల్చేస్తుంది. ఆ సమయంలో బ్రీదర్ పైపులోంచి ఫిల్టరైన గాలి లోపలికి వస్తుంది. హైవే మీద గట్టిగా తొక్కితే ఆ పీల్పు తగ్గుతుంది, గ్యాసేమో పెరుగుతుంది. అప్పుడది వెనక్కి తిరిగి ఈ పైపులోంచే బయటపడాలి. నా బండిలో ఆ దారిలో బోల్టుంది. లోపల ఒత్తిడి పెరిగి, దొరికిన సందుల్లోంచి ఆయిల్‌ను బయటికి నెట్టేసింది. షెడ్డులో చుక్క కారకపోవడానికీ, గుంటూరు వెళ్తే కారడానికీ కారణం అదే.

"మీ ఇంట్లో కుక్కర్ విజిల్ కాడ పప్పు పొట్టు ఇరుక్కుంటే ఏమవుద్ది? గాస్కెట్ మార్చుకుంటా కూర్చుంటారా?" అన్నారు పెద్దాయన. నేను రెండు గాస్కెట్ల డబ్బు కట్టి వచ్చిన మనిషిని, ఏం చెప్పను?

నా కోపం ఆ కుర్రాడి మీద కన్నా మన షెడ్లలో పాతుకుపోయిన ఒక మాట మీద: "అది పొల్యూషన్ కోసం పెట్టింది సార్, మనకెందుకు." కొందరు మూసేస్తారు, కొందరు కోసి కిందికి వేలాడదీస్తారు. పాత లారీలకు అలాగే ఉంటుంది కదా అంటారు. పాత కార్లకూ అలాగే ఉండేది. అలా బయటికి పోయే గ్యాసు కూడా లాస్ ఏంజిలిస్‌ను కమ్మేస్తోందని తేలాకే 1961 మోడళ్లతో కాలిఫోర్నియాలో, 1963 మోడళ్లతో అమెరికా అంతటా దాన్ని తిరిగి ఇంజన్లోకే పంపడం మొదలైంది. మన భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనల్లోనూ పెట్రోలు కారు ఈ గ్యాసును గాల్లోకి వదలకూడదు. సరే, ఊరి గాలి సంగతి వదిలేయండి, మీ గురించే ఆలోచించుకోండి. పైపు కోసి వదిలేస్తే ఫిల్టర్ లేని దుమ్ము నేరుగా ఆయిల్లోకి పోతుంది. ఏసీ వేస్తే ఆ కంపు బండి లోపలికొస్తుంది. చాలా బండ్లలో లెక్కలోకి రాని గాలి చేరి ఐడిల్ ఎగుడుదిగుడు అవుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

గొట్టంలో పలుచటి ఆయిల్ తడి మామూలే. మరీ ఎక్కువగా ఉంటే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. నా బండిలో ఆయిల్ గరిష్ఠ గీత దాటి పోసి ఉంది, పైపుకెక్కింది ఆ ఎక్కువ ఆయిలే.

కొత్త పైపు 350 రూపాయలు. పెద్దాయన కూలీ అడగకపోతే నేనే బలవంతంగా జేబులో పెట్టాను. ఆ తర్వాత నాలుగుసార్లు గుంటూరు వెళ్లొచ్చాను. మా వాచ్‌మన్ మాత్రం ఇంకా అట్ట వేస్తూనే ఉన్నాడు. బాగైపోయిందయ్యా అంటే, "ఉండనీండి సార్, ఇంతకుముందు కూడా రెండుసార్లు ఇలాగే చెప్పారుగా" అన్నాడు.