నోట్లో పుండుకి ఓపీజీ ఎందుకు రాస్తారండీ?

బెజవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఇదే తంతు. బుగ్గ లోపల తెల్లమచ్చ, దాని పక్కనే ఎర్రగా చిన్న పుండు, వచ్చి నెల దాటింది. డాక్టరు చీటీ మీద మాత్రం ఒకటే మాట: ఓపీజీ, అంటే రెండు దవడలూ పళ్లూ ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే. పుండు ఏ వైపుందో, ఎన్నాళ్ల నుంచి ఉందో రాయరు. ‘ఎముకలో తేడా ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదీ ‘హమ్మయ్య, కాన్సర్ కాదంట’ అనుకుని బస్సెక్కేస్తారు.

ఆ ఫిల్ము చెప్పింది ఎముక సంగతి. మచ్చ ఉన్నదేమో బుగ్గ పొర మీద. ఆ పొర ఎక్స్‌రేకి చిక్కదు. ఎముకలోనైనా 30 నుంచి 50 శాతం ఖనిజం కరిగితే తప్ప మామూలు ఎక్స్‌రేలో నల్లగా తేలదు.

పోనీ ఆ ఓపీజీ అయినా శ్రద్ధగా తీస్తారా? చెవి కమ్మలు తీయించకపోతే వాటి నీడ అవతలి దవడ మీద, కాస్త పైకి, మసగ్గా పడుతుంది. నాలుకని అంగిలికి ఆనించమని చెప్పకపోతే పైపళ్ల వేర్ల మీద నల్లటి పట్టీ వస్తుంది. మెడ వాల్చి నిలబడితే వెన్నుపూస నీడ ముందుపళ్లని కప్పేస్తుంది. ఓపీజీలో ఏమీ లేదు కదా అని సీబీసీటీకి, అంటే దవడ ఎముకని అన్ని వైపుల నుంచీ చూపే స్కానుకి, పంపేవాళ్లూ ఉన్నారు. దవడలో తిత్తి ఉంటే అది బంగారమే. పొర మీది మచ్చకి మాత్రం అదే ఎముకని ఇంకో మూడు వైపుల నుంచి చూసినట్టు, అంతే.

చేయాల్సింది ఇంతకంటే చిన్న పని. గీరుకునే పన్ను ఉంటే నున్నగా అరగదీసి, రెండు వారాలు చూడాలి. తగ్గకపోతే పరీక్షకి చిన్న ముక్క తీయాలి, అదే బయాప్సీ. పుండు నడుమ కుళ్లిన చోట కాదు, అంచున, ఎర్రగా గానీ గట్టిగా గానీ ఉన్న చోట. తీసిన ముక్కని 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి కనీసం పది రెట్లు ఉండేలా పోసి పంపాలి. సెలైన్‌లో వేసి పంపితే ల్యాబుకి చేరేసరికి కణాలు చెడిపోయి ఉంటాయి. కత్తి పెడితే పాకుతుందన్నది ఉత్త భయం. నీలి లైటు వేసి ‘నల్లగా ఉంది’ అని బెదిరించేవాళ్లని మాత్రం నమ్మకండి, ఉత్త వాపు కూడా ఆ లైటులో నల్లగానే కనిపిస్తుంది.

గుంటూరు మిరపకాయకి అలవాటుపడ్డ నోరు పచ్చడి తగలగానే మండుతోందా? గుట్కా, వక్కపొడి అలవాటుందా? నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. పట్టకపోతే బుగ్గలో వేలితో తడమండి, తాళ్లలా గట్టి పట్టీలు తగులుతాయి. అది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు. అది తెలియడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

మరి స్కాను దేనికి? రోగం ఎంత దూరం పోయిందో చూడటానికి. నాలుక మీద గట్టి గడ్డ ఉంటే ఎంఆర్ఐ లోతు చెబుతుంది. 5 మిల్లీమీటర్లు దాటినా, 10 దాటినా స్టేజీ మారుతుంది. అందుకే అలాంటి గడ్డకి వీలైతే ముందు ఎంఆర్ఐ, తర్వాత ముక్క. ముక్క తీసిన వాపులో లోతు ఎక్కువగా కనిపిస్తుంది.

ఖైనీ పెట్టుకునే చోట, అంటే బుగ్గకీ చిగురుకీ మధ్య సందులో, గడ్డ ఉంటే కాంట్రాస్టు సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాను. ముందు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, చూసుకోవాలి. ఇక్కడే అందరూ వదిలేసేది ఒకటుంది. నోరు మూసుకుని పడుకుంటే బుగ్గ, చిగురు అతుక్కుపోయి గడ్డ దేనిదో తేలదు. పెదాలు బిగించి బుగ్గలు గాలితో పూరించమని, టేబుల్ మీదే ఒకసారి సాధన చేయించి తీస్తే మధ్యలో నల్లగా గాలి నిలిచి రెండూ విడిపోతాయి. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు.

కాబట్టి చీటీ రాసేటప్పుడు ఇంకో వరస రాయండి: ‘కుడి బుగ్గ, కింది రెండో దవడపన్ను ఎదురుగా, 2 సెంటీమీటర్లు, ఆరు వారాలు, ఖైనీ అక్కడే పెడతారు.’ అది చదివితేనే టెక్నీషియన్‌కి బుగ్గలు పూరించమనాలని తడుతుంది.