సవరణ: సన్నని వలయమంటే కరువేనా?

చెట్టు కాండంలో ఏటేటా ఏర్పడే వలయాలను బట్టి పాతకాలపు వానలను ఎలా అంచనా వేస్తారో మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

"వలయం సన్నగా ఉంటే ఆ ఏడు కరువే" అన్నాను. అంత తేలిక కాదు. అమెరికాలోని ఆరిజోనా లాంటి మెట్ట ప్రాంతాల్లో, నీటి కొరతే ఎదుగుదలను ఆపేచోట, ఆ మాట చాలావరకు చెల్లుతుంది. ఎత్తైన కొండల మీద చలికి కూడా వలయం సన్నబడుతుంది. పురుగు పట్టినా, పక్క చెట్టు నీడ కమ్మినా అంతే. పైగా బాగా ఎండిన ఏడాది కొన్ని చెట్లలో అసలు వలయమే కనిపించదు! అందుకే ఒక్క మొద్దు మీద గీతలు లెక్కపెట్టి సంవత్సరం తేల్చరు. చాలా చెట్ల వలయాల వరుసలను ఒకదానితో ఒకటి సరిపోల్చి చూస్తారు.

ఈ పద్ధతిని నిలబెట్టిన ఎ.ఇ. డగ్లస్ నిజానికి ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల ప్రభావాన్ని వెతుక్కుంటూ చెట్ల దగ్గరికొచ్చాడు. 1929లో ఆరిజోనాలో దొరికిన ఒక కాలిన దూలం ముక్క, ఆయన దగ్గర విడివిడిగా ఉన్న పాత, కొత్త వలయాల వరుసలను కలిపింది. దాంతో పాత వలయాలు ఏ సంవత్సరాలవో తేలింది. 1276 నుంచి 1299 దాకా సాగిన మహా కరువు అలాగే బయటపడింది.

రెండోది, "చెట్టును నరకాల్సిందే" అన్న మాట. అక్కర్లేదు. బోలుగా ఉండే బరమాను చేత్తో తిప్పి, పెన్సిల్ కన్నా సన్నటి పుల్ల లాంటి ముక్క తీస్తారు. ఆ గాయాన్ని చెట్టు మామూలుగా తట్టుకుంటుంది. ఇది నాకు తెలిసినా హడావుడిలో తప్పు రాశాను.

మన రుతుపవనాల చరిత్రకు టేకు పనికొస్తుందని రాసింది మాత్రం సరైనదే. దాని వలయాలు స్పష్టంగా ఉంటాయి కాబట్టే అది సాధ్యమవుతోంది.