దవడ లేకపోతే ఇమ్యూనిటీ కూడా లేనట్టేనా?

మా అక్క కూతురికి ఇవాళ గ్రాండ్ టెస్టులో ఐదు మార్కులు పోయాయి. తప్పు రాసి కాదు, కరెక్టుగా రాసి!

బిట్ ఇదీ: "కింది వాటిలో ఆర్జిత రోగనిరోధకత లేని జీవి ఏది? 1) సొరచేప 2) లాంప్రే 3) కప్ప 4) పైవేవీ కావు." లాంప్రే అంటే దవడల్లేని, పాములాంటి చేప. ఆర్జిత రోగనిరోధకత అంటే ఒంట్లోకి దూరిన శత్రువును గుర్తుపెట్టుకుని, దానికి తగ్గట్టు పోరాడే శక్తి. ఆ శక్తి మూడింటికీ ఉంది కాబట్టి పిల్ల నాలుగు పెట్టింది. కీలో రెండు అని ఉంది. నీట్ లెక్కన రావాల్సిన నాలుగూ పోయి, పైన ఒకటి కోత. ఆబ్జెక్షన్లు ఉంటే పెట్టుకోమన్నారు కదా అని పెట్టింది. డౌట్స్ సెషన్‌లో సారుగారు సెలవిచ్చిందేంటో తెలుసా? "మెటీరియల్లో ఉన్నదే కరెక్ట్. ఎక్కువ చదవకమ్మా, కన్‌ఫ్యూజ్ అవుతావు."

ఎక్కువ చదవకూడదట. లక్షలు కట్టించుకుని, తెల్లారకముందే లేపి, రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టి, ఆఖరికి చెప్పే మాట ఇది. "పిన్నీ, నువ్వు చెప్పింది రాస్తే ర్యాంకు రాదు" అని ఫోన్లో అది ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంతకీ ఆ మెటీరియల్ ఏ కాలం నాటిదో! 2004కి ముందుదే అయ్యుంటుంది. ఎందుకంటే జీవ్ పాన్సర్, మాక్స్ కూపర్ అనే శాస్త్రవేత్తల బృందం లాంప్రేకీ ఆర్జిత రోగనిరోధకత ఉందన్న సంగతి నేచర్ అనే సైన్సు పత్రికలో తేల్చి చెప్పింది ఆ ఏడాదే. ఆ కూపర్ ఎవరనుకున్నారు? మీ పిల్లలు బట్టీ పడుతున్న బి కణాలు, టి కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) ఉన్నాయే, అవి రెండూ వేరువేరని 1965లో కోళ్ల మీద ప్రయోగాలు చేసి చూపించిన మనిషి. దానికే 2019లో జాక్ మిల్లర్‌తో కలిసి వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు తీసుకున్నాడు. అంత పేరొచ్చాక కూడా ఒక రక్తం పీల్చే చేప వెంట పడ్డాడంటే, ఆయనకు "ఎక్కువ చదవకు" అని చెప్పేవాళ్లు దొరకలేదన్నమాట. అదృష్టవంతుడు.

అసలు గొడవ 1960లలో మిన్నెసోటాలో మొదలైంది. లాంప్రేకి ఇంకో లాంప్రే చర్మం అతికించి చూస్తే ఒంటికి పట్టనివ్వలేదు, తోసేసింది. సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తే వాటిని గడ్డకట్టించే పదార్థం రక్తంలో తయారైంది. అంటే రోగనిరోధకత ఉంది. కానీ మనకున్న యాంటీబాడీ జన్యువులు దాంట్లో ఎంత వెతికినా కనబడలేదు. శత్రువును గుర్తుపట్టే టి కణాల గ్రాహకాలూ లేవు, ఆ టి కణాలకు శత్రువు ముక్కల్ని చూపించే ఎంహెచ్‌సీ లేదు, యాంటీబాడీ జన్యువుల్ని కత్తిరించి అతికించే ర్యాగ్ లేదు. నలభై ఏళ్ల పాటు ఇదే తలనొప్పి. మన సారువాళ్లు అక్కడే ఆగిపోయారు: మనకున్నది దానికి లేదు కాబట్టి దానికేమీ లేదు. భలే లాజిక్!

లాంప్రే దగ్గర ఉన్నది వీఎల్ఆర్ అనే వేరే రకం గ్రాహకం. పుట్టుకతో వచ్చే దాని జన్యువు అసంపూర్తిగా ఉంటుంది. రెండు కొసలూ ఉంటాయి, మధ్యలో సరుకు ఉండదు. ల్యూసిన్ ఎక్కువగా ఉండే ప్రోటీన్ ముక్కలకు సంబంధించిన డీఎన్ఏ తునకలు మాత్రం చుట్టుపక్కల వందల్లో పడి ఉంటాయి. లింఫోసైట్ (మన బి, టి కణాల జాతి తెల్ల రక్తకణం) ఎదిగేటప్పుడు అందులోంచి ఒకటి, ఇందులోంచి ఒకటి కాపీ చేసుకుంటూ ఆ ఖాళీ నింపుకుంటుంది. ఏ కణానికి పడిన వరుస ఆ కణానిదే. అలా తయారుకాగల రకాలు కోటి కోట్లకు పైమాటే అని లెక్క కట్టారు. కోటి కాదు, కోటి కోట్లు! మన యాంటీబాడీలకు ఏ మాత్రం తీసిపోదు.

అక్కడితో అయిపోలేదు. వీఎల్ఆర్-బి రకం కణాలు మన బి కణాల లాగా గ్రాహకాన్ని రక్తంలోకి వదులుతాయి, ఎనిమిదో పదో కలిసిన గుత్తులుగా. ఎ, సి రకాలవి మన టి కణాల తీరు. మా కాలేజీ ల్యాబులో ఫార్మలిన్ జాడీలో ఒక పెట్రోమైజాన్, అంటే ఈ లాంప్రేయే, ఉండేది. గుండ్రటి నోరు, దాన్నిండా వలయాలు వలయాలుగా పసుపుపచ్చ పళ్లు, కన్ను వెనక వరసగా ఏడు రంధ్రాలు. ఆ ఏడు రంధ్రాలు లెక్కపెట్టి, రికార్డులో బొమ్మేసి, సంతకం పెట్టించుకుంటే పని అయిపోయేది. ఆ రంధ్రాల లోపల, మొప్పల కొసల్లో, టి కణాలు ఎదిగే మన థైమస్ గ్రంథిలాంటి కణజాలం ఉందని 2011లో బయటపడింది. జాడీ మీద చీటీలో మాత్రం "ఆదిమ లక్షణాలు" అని ఉండేది. ఇప్పటికీ అదే చీటీ ఉండుంటుంది, పందెం.

ఈ "ఆదిమ", "నిమ్న స్థాయి" అనే మాటలు వింటే నాకు బీపీ వస్తుంది. ఆ చేపల వంశం, మన వంశం విడిపోయి దాదాపు యాభై కోట్ల ఏళ్లు. అన్నేళ్లూ అది నిద్రపోయిందా? లింఫోసైట్లు ఇద్దరికీ ఉన్నాయి, వాటికి తొడిగిన గ్రాహకాలే వేరు. మన ఘనమైన ర్యాగ్ మాత్రం మన సొంత తెలివా? ఎప్పుడో ఏ పూర్వీకుడి జన్యువుల్లోనో దూరి స్థిరపడిపోయిన గెంతే డీఎన్ఏ ముక్క అది. దాని చుట్టం 2016లో ఆంఫియాక్సస్ అనే వెన్నెముక లేని చిన్న సముద్రజీవిలో పట్టుబడింది కూడా. అరువు సొమ్ముతో మనం గొప్ప, సొంతంగా వేరే దారి కట్టుకున్నది తక్కువ.

ఇదంతా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా బాబాయ్ ఒకాయన "చేపకి ఇమ్యూనిటీ ఏంటమ్మా" అని నవ్వే బొమ్మలు పెట్టాడు. కరోనా టైములో రోజుకో కషాయం ఫార్వర్డ్ చేసి "ఇమ్యూనిటీ బూస్టర్, అందరికీ పంపండి" అన్న మహానుభావుడే. ఇంకో అత్తయ్య అయితే ఏకంగా "నీకు అప్పట్లో మెడిసిన్ సీటు వచ్చుంటే ఈ చేపల గోల ఉండేది కాదు" అని మెసేజ్ పెట్టింది. అత్తయ్యా, నాకు సీటు రాక కాదు జువాలజీలో చేరింది. ఇష్టపడి చేరాను. మీ అబ్బాయి పెళ్లిలో కూడా చెప్పాను, అప్పుడూ మీరు వినలేదు. జువాలజీ అంటే డాక్టరు కాలేనివాళ్లు తలదాచుకునే సత్రం అనుకునే జాతి మనది. మరి పిల్లలకు జువాలజీ బిట్లు తయారుచేసేది ఎవరు? ఆ సత్రాన్ని చీదరించుకుంటూ చదివినవాళ్లే. కీ ఇలా ఏడవక ఎలా ఏడుస్తుంది?

పైవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? పిల్లలకు భారం తగ్గిస్తున్నామని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామాన్నే పీకేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దు మొర్రో అని లేఖ రాశారు. పన్నెండులో ఉంది కదా అని జవాబు. ఉంది, బైపీసీ పిల్లలకు. ఎంపీసీ పిల్లాడు పరిణామం అనే మాట వినకుండానే ఇంజనీరై, అమెరికా వెళ్లి, అక్కడి నుంచి నాకు కషాయాలు ఫార్వర్డ్ చేస్తాడు.

రేపు పొద్దున నేనే వెళ్తున్నాను ఆ కోచింగ్ సెంటర్‌కి. ఆ 2004 నాటి నేచర్ పేపర్ ప్రింటు తీసుకున్నాను. మార్కులు కలపరని తెలుసు. కలపకపోయినా ఆ కీ ఎవరు రాశారో మొహం చూడాలి.

కామెంట్లలో "అక్కా, ఈ చేప మన దగ్గర దొరుకుతుందా, పులుసు బాగుంటుందా" అని అడగబోయేవాళ్లకు ముందే జవాబు: దొరకదు. పులస లాగా సముద్రం నుంచి నదికి ఎదురీదే మాట నిజమే కానీ గోదావరికి రాదు. ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ ఇష్టంగా తినేవాడట, డాక్టరు వద్దన్నా మానకుండా తిని 1135లో పోయాడని చెప్పుకుంటారు. మీరూ ట్రై చేస్తానంటే నాకేం అభ్యంతరం లేదు.