తొలి నేరానికి కావలసిన అర్హతలు

మొదటిసారి తప్పు చేసినవారి మీద మన చట్టానికి ఎంత కనికరమో చాలామందికి తెలియదు. తెలియకనే ఏ అర్హతా లేకుండా నేరాలకు దిగి జైళ్లు నింపుతున్నారు. ఈ అజ్ఞానాన్ని తొలగించడం పౌరుడిగా నా ధర్మం.

ముందుగా దొంగతనం సంగతి. కాజేసిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దోషిగా తేలడం అదే మొదటిసారి అయి, ఆ సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, నేరాలకు శిక్షలు నిర్ణయించే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ సమాజ సేవతో సరిపెడుతుంది. కాబట్టి చేయి వేసే ముందు ధర చూసుకోవాలి. 4,990 రూపాయల ఫోను దగ్గర ఆగినవాడు వీధులు ఊడ్చి ఇంటికి పోవచ్చు. దానితో పాటు చార్జరుకు కూడా ఆశపడినవాడికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇక ఆకలికి బియ్యం ఎత్తుకెళ్లి వండుకు తిన్నవాడిది శుద్ధ తొందరపాటు. బియ్యం తిరిగి ఇవ్వలేడు. విలువ కడదామా అంటే, అంత డబ్బే ఉంటే కొట్టుకు ముందు తలుపు నుంచే వెళ్లేవాడు. కనికరానికైనా కొంత పెట్టుబడి ఉండాలి మరి.

1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ఇంకా ఉదారమైనది. అంతకుముందు శిక్ష పడనివాడిని దొంగతనం, మోసం వంటి కేసుల్లో సైతం మందలించి పంపేయవచ్చు. సత్ప్రవర్తన పూచీ మీద వదలాలంటే మాత్రం, దోషికో అతని జామీనుదారుకో స్థిరనివాసమో, నిలకడైన జీవనోపాధో ఉందని కోర్టుకు నమ్మకం కుదరాలి. న్యాయమే కదా! ఫ్లైఓవర్ కింద పడుకునేవాడి సత్ప్రవర్తనను ఏ గుమ్మం దగ్గర నిలబడి తనిఖీ చేస్తారు? ఇల్లూ, ఉద్యోగమూ, చేతిలో ఐదు వేలూ ఉన్నవారు ఇలాంటి చిల్లర దొంగతనాలకు ఎందుకు ముందుకు రావడం లేదో ప్రభుత్వం ఆలోచించాలి.

ఇక విచారణ ఖైదీలు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న కేసులకు ఇది వర్తించదు. ఆ తేదీకి ముందు నమోదైన కేసుల్లోని ఖైదీలకూ ఈ మేలు అందాలని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు పెట్టవలసింది జైలు సూపరింటెండెంటు కనుక ఖైదీకి కాగితం ఖర్చు కూడా లేదు.

చిన్న మెలిక ఒకటుంది. ఒకటికి మించిన నేరాలు గానీ కేసులు గానీ పెండింగులో ఉంటే విడుదల కుదరదు. ఒక్కటీ రుజువు కానక్కరలేదు, రాసి ఉంటే చాలు. తొలి నేరస్థుడా కాదా అన్నది కోర్టు తీర్పును బట్టి తేలుతుంది, ఆ హోదా వల్ల కలిగే లాభం మాత్రం స్టేషన్ రైటరు కలంలో ఉంటుంది. అందుకే పట్టుబడినవారు అతనితో మర్యాదగా మసలుకోవాలి. “అయ్యా, ఒక్క సెక్షనే రాయండి” అని అడగడంలో తప్పు లేదు.

అతను రెండు రాసినా నిరాశ వద్దు. ఏళ్లు గడిచాక రెండింటిలోనూ నిర్దోషి అని తేలితే, బయటికి వచ్చి చేసే నేరం చట్టం దృష్టిలో మొదటిదే.